సాఫ్ట్‌బాల్ నియమాలు ఏటా ఎందుకు మారతాయి?

8.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
- సాఫ్ట్‌బాల్ నియమాలను ఎవరు, ఎప్పుడు మారుస్తారో చెప్పగలుగుతారు.
- పిచింగ్ దూరం పెరిగితే బ్యాటర్‌కు దక్కే సమయాన్ని లెక్కించగలుగుతారు.
- ఒక నియమ మార్పు మంచిచెడ్డలను పరిశీలించగలుగుతారు.

8.1 పరిచయం

1887లో చికాగోలో జార్జ్ హాంకాక్ చలికాలంలో నాలుగు గోడల మధ్య ఆడుకోవడానికి రూపొందించిన ఆటే క్రమంగా సాఫ్ట్‌బాల్ అయింది. అమెరికాలో దీనికి ఒకే నియమావళి లేదు. ఉన్నత పాఠశాలలకు ఎన్.ఎఫ్.హెచ్.ఎస్., కళాశాలలకు ఎన్.సి.ఎ.ఎ. నియమాలు రాస్తాయి. క్లబ్బుల నియమావళుల్లో యు.ఎస్.ఎ. సాఫ్ట్‌బాల్ సంస్థది ప్రముఖమైనది. 1933లో అమెచ్యూర్ సాఫ్ట్‌బాల్ అసోసియేషన్ పేరుతో ఏర్పడిన సంస్థ ఇదే. వసంతంలో పాఠశాల జట్టుకు, వేసవిలో క్లబ్బుకు ఆడే బాలిక ఒకే ఏడాదిలో రెండు నియమావళులు పాటించాల్సి రావచ్చు.

8.2 మార్పుల కాలక్రమం

ఎన్.ఎఫ్.హెచ్.ఎస్. నియమాల సంఘం సాధారణంగా జూన్‌లో సమావేశమవుతుంది. దాని మార్పులు ఆ తరవాతి సీజన్‌లో అమలవుతాయి. చాలా రాష్ట్రాల్లో ఆట వసంతంలో జరుగుతుంది కాబట్టి అంపైర్లకు శిక్షణ ఇవ్వడానికి, కొత్త సామగ్రి కొనడానికి కొన్ని నెలల వ్యవధి దొరుకుతుంది. సీజన్ మధ్యలో నియమం మారిస్తే ముందు ఆడిన జట్లకు, తరవాత ఆడిన జట్లకు వేర్వేరు కొలమానాలు వర్తించి పోటీ న్యాయం దెబ్బతింటుంది.

8.3 ఉదాహరణ: పిచింగ్ దూరం

పాఠశాల బాలికల ఫాస్ట్‌పిచ్‌లో పిచింగ్ దూరం 40 అడుగులు ఉండేది. 2010-11 నుంచి దాన్ని 43 అడుగులు చేశారు. మూడడుగులు స్వల్పమే అనిపించవచ్చు. లెక్క వేసి చూద్దాం.

గంటకు 60 మైళ్ల వేగమంటే సెకనుకు 88 అడుగులు.
40 ÷ 88 = 0.455 సెకన్లు
43 ÷ 88 = 0.489 సెకన్లు

బ్యాటర్‌కు అదనంగా దక్కింది సుమారు 0.034 సెకన్లు, అంటే 7.5 శాతం ఎక్కువ సమయం. పిచర్ ముందుకు అడుగు వేసి బంతిని వదులుతుంది కాబట్టి అసలు సమయాలు ఇంకా తక్కువే. తేడా మాత్రం దాదాపు అంతే.

దీనివల్ల రెండు ప్రయోజనాలున్నాయి. ఒకటి, బ్యాటర్లు బంతిని ఎక్కువసార్లు కొట్టగలిగితే ఫీల్డర్లకూ పని ఉంటుంది. రెండు, బంతి వేసిన మరుక్షణం పిచర్ బ్యాటర్‌కు అతి దగ్గరగా నిలబడి ఉంటుంది. నేరుగా తిరిగి వచ్చే బంతి నుంచి తప్పుకోవడానికి ఆమెకూ కొంత వ్యవధి కావాలి.

చిన్న పిల్లలకు ఇంత దూరం తగదు. అందుకే యు.ఎస్.ఎ. సాఫ్ట్‌బాల్ బాలికల విభాగాల్లో 10 ఏళ్లలోపు వారికి 35 అడుగులు, 12 ఏళ్లలోపు వారికి 40 అడుగులు, 14 ఏళ్లలోపు వారికి 43 అడుగులు అని మెట్లు పెట్టారు. 10 ఏళ్లలోపు వారి బంతి చుట్టుకొలత కూడా 12 అంగుళాలు కాదు, 11 అంగుళాలే.

8.4 మార్పు భారం ఎవరిది?

2004 ప్రమాణం ప్రకారం, ప్రయోగశాల పరీక్షలో బ్యాట్ నుంచి వెలువడే బంతి వేగం గంటకు 98 మైళ్లు దాటకూడదు. భద్రత దృష్ట్యా ఇది సమంజసమే. కాని ఇలాంటి ప్రమాణం వచ్చినప్పుడు నిరుడు కొన్న బ్యాట్ ఈ ఏడు పనికిరాకపోవచ్చు. ఆ ఖర్చు కుటుంబం మీద పడుతుంది. స్తోమత లేని పిల్లలు ఆటకే దూరం కావచ్చు. కాబట్టి నియమం ఎంత మంచిదైనా తగిన గడువు ఇవ్వడం కూడా న్యాయంలో భాగమే.

8.5 సారాంశం

ఏ మార్పునైనా మూడు ప్రశ్నలతో పరిశీలించండి: అది ఎవరిని కాపాడుతుంది? ఆట సమతుల్యాన్ని ఎలా మారుస్తుంది? ఖర్చు ఎవరు భరిస్తారు? మన పాఠశాల క్రీడల్లోనూ వయోవిభాగాల వారీగా సాఫ్ట్‌బాల్ పోటీలు జరుగుతాయి. మీరు శిక్షకులుగా పనిచేసే రోజున, ముందుగా ఆ పోటీకి వర్తించే నియమావళి ఏదో, అది ఏ సంవత్సరపు ముద్రణో చూసుకోండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. సీజన్ మధ్యలో నియమాలు మార్చకపోవడానికి కారణమేమిటి?
2. బంతి వేగం గంటకు 50 మైళ్లు అయితే, 40 అడుగులకు, 43 అడుగులకు పట్టే సమయాల తేడా ఎంత?