టర్బో కారుకి ఆయిల్ క్యాచ్ క్యాన్: ఎవరికి కావాలి, ఎలా బిగించాలి?

ఈ నెలలో నాకు ఎక్కువగా వచ్చిన మెసేజ్ ఒకటే: "అన్నా, నాది వెన్యూ టర్బో, క్యాచ్ క్యాన్ పెట్టించుకోవాలా?" అవును అని ఒక్క మాటలో చెప్పేయొచ్చు. కానీ అలా చెప్తే మీలో సగం మంది వెంటనే ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయల్లోపు దొరికే డబ్బా ఆర్డర్ పెట్టేస్తారు. ఆ డబ్బా ఇంజిన్‌కి మేలు కంటే కీడే ఎక్కువ చెయ్యొచ్చు. అందుకే ముందు బోనెట్ కింద ఏం జరుగుతోందో చూద్దాం.

పిస్టన్‌కి, సిలిండర్ గోడకి మధ్య రింగులు ఉంటాయి కదా. అవి ఎంత కొత్తవైనా నూటికి నూరు శాతం సీల్ చెయ్యవు. పెట్రోల్ మండిన ప్రతిసారీ కొంచెం గ్యాస్ ఆ సందుల్లోంచి కిందకి, ఆయిల్ ఉండే క్రాంక్‌కేస్‌లోకి జారుకుంటుంది. దీన్నే బ్లో-బై అంటారు. అందులో మండని పెట్రోల్ ఆవిరి ఉంటుంది, నీటి ఆవిరి ఉంటుంది. క్రాంక్ తిరిగే స్పీడ్‌కి చిమ్మే ఆయిల్ తుంపర కూడా దానికి తోడవుతుంది. ఈ గ్యాస్‌కి బయటికి దారి లేకపోతే లోపల ప్రెషర్ పెరిగి ఆయిల్ సీళ్ళు లీకవుతాయి.

పాత కార్లలో ఒక గొట్టం పెట్టి దీన్ని నేరుగా రోడ్డు మీదకి వదిలేసేవాళ్ళు. 1960ల మొదట్లో అమెరికాలో, ముఖ్యంగా కాలిఫోర్నియాలో, పొగమంచు సమస్య ముదిరాక ఆ గ్యాస్‌ని మళ్ళీ ఇంజిన్‌కే తాగించే పద్ధతి వచ్చింది. అదే పీసీవీ. మీ కారులో ఉన్నదీ అదే.

టర్బో కారులో దీనికి మామూలుగా రెండు దారులు ఉంటాయి. ఇది అర్థమైతే మిగతా కథ అంతా అర్థమైనట్టే. మొదటిది, పీసీవీ వాల్వ్ నుంచి ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కి వెళ్ళే పైపు. ఐడిల్‌లో, నిదానంగా పోతున్నప్పుడు మానిఫోల్డ్‌లో వాక్యూమ్ ఉంటుంది కాబట్టి గ్యాస్ ఆ దారిన లాగబడుతుంది. మీరు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కగానే టర్బో గాలిని కుక్కుతుంది, మానిఫోల్డ్‌లో వాక్యూమ్ పోయి ప్రెషర్ వస్తుంది. అప్పుడు పీసీవీ వాల్వ్ మూసుకుంటుంది. గ్యాస్ రెండో దారి పడుతుంది: వాల్వ్ కవర్ నుంచి టర్బో ముందున్న గాలి పైపుకి. అక్కడ ఆయిల్ తుంపర టర్బో రెక్కలకి, ఇంటర్‌కూలర్ లోపలి గోడలకి పూత పూస్తూ పోతుంది. బూస్ట్‌లో బ్లో-బై కూడా ఎక్కువే.

ఇంతవరకు అన్ని టర్బోలకీ కథ ఒకటే. తేడా ఎక్కడంటే ఇంజెక్టర్ దగ్గర. నెక్సాన్‌లో వచ్చే 1.2 రెవోట్రాన్ లాంటి ఇంజిన్లలో పెట్రోల్ ఇన్‌టేక్ వాల్వ్ వెనకాల పడుతుంది. అంటే వాల్వ్‌ని ఎప్పటికప్పుడు పెట్రోలే కడిగేస్తుంది. అదే హ్యుందాయ్ 1.0 టర్బో జీడీఐ, మారుతీ 1.0 బూస్టర్‌జెట్, ఫోక్స్‌వ్యాగన్ టీఎస్‌ఐ లాంటి వాటిలో పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోనే చిమ్ముతుంది. వాల్వ్‌ని కడిగేవాళ్ళే లేరు. వేడి వాల్వ్ మీద పడ్డ ఆయిల్ మాడిమాడి, బజ్జీల మూకుడు అడుగున కట్టే జిడ్డులా గట్టి కార్బన్ అయి కూర్చుంటుంది. కొన్నేళ్ళకి ఐడిల్ వణుకుతుంది, పికప్ తగ్గుతుంది. ఇక్కడ చాలామంది పెట్రోల్ ట్యాంక్‌లో పోసే క్లీనర్ సీసాలు కొంటారు. ఆ క్లీనర్ ఇంజెక్టర్లకి పనికొస్తుంది కానీ పెట్రోలే తగలని వాల్వ్‌కి ఎలా తగులుతుంది చెప్పండి?

క్యాచ్ క్యాన్ పని ఆ ఆయిల్‌ని మధ్యలోనే ఆపడం. మీ ఇంట్లో వంటింటి చిమ్నీ చూశారుగా, ఫిల్టర్ తీసి చూస్తే నూనె చుక్కలు వేలాడుతుంటాయి. సేమ్ లాజిక్. లోపల అడ్డ పలకలు, స్టీల్ జాలీ ఉండాలి. తుంపర వాటికి తగిలి చుక్కలుగా మారి అడుగుకి దిగుతుంది, శుభ్రమైన గ్యాస్ మాత్రం ఇంజిన్‌కి వెళ్తుంది. చవక డబ్బాల్లో చాలావాటికి లోపల ఏమీ ఉండదు, ఖాళీ రేకు డబ్బా. సన్నటి తుంపర అందులోంచి హాయిగా దాటిపోతుంది. కొందరు గిన్నెలు తోమే స్టీల్ పీచు కుక్కుతారు. దయచేసి ఆ పని చెయ్యకండి. అది తెగి ముక్కలు ఇంజిన్‌లోకి పోతాయి.

ఇంకో రకం డబ్బాకి మూత మీద చిన్న ఫిల్టర్ ఉంటుంది, గ్యాస్‌ని గాలిలోకి వదిలేస్తుంది. చూడ్డానికి రేస్ కారులా ఉంటుంది. మన రోడ్డు కారుకి మాత్రం వద్దు. పీసీవీ పైపు మీద అది పెడితే అక్కడ వాక్యూమ్ లీక్ అయినట్టే. ఐడిల్ ఎక్కుతుంది, గాలి కొలిచే సెన్సర్ ఉన్న కార్లలో పీ0171 లాంటి లీన్ కోడ్‌తో చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతుంది. పైగా ఆ వాసన ఏసీ గాలితో పాటు క్యాబిన్‌లోకి వస్తుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మార్పుల గురించే. అది పక్కన పెట్టినా, పొల్యూషన్ కంట్రోల్ భాగాన్ని తీసేసిన బండికి వారంటీ అడగడం కష్టం. సీల్డ్ క్యాన్ పెట్టినా వారంటీ మీద పేచీ రావచ్చు, అది తెలిసే దిగండి.

గుంటూరు నుంచి ఒక తమ్ముడు ఫొటోలు పంపాడు. ఏదో గ్యారేజ్‌లో క్యాన్ బిగించారు. పైపు మాత్రం పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ ట్యూబ్, అక్వేరియంకి వాడతారే, అది. ఇంజిన్ వేడికి మెత్తబడి, వాక్యూమ్‌కి నొక్కుకుపోయి దారి మూసుకుంది. రెండో దారికి ముందే రబ్బర్ బిరడా కొట్టేశారు. గ్యాస్ ఎటు పోవాలి? ఇంజిన్‌కి, గేర్‌బాక్స్‌కి మధ్య ఉండే సీల్ లీకైంది. ఆ సీల్ పెద్ద ఖరీదు కాదు, కానీ అది మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి. కొత్త ఉద్యోగం, మొదటి కారు, ఈఎంఐ నడుస్తోంది. ఆ లేబర్ బిల్లు ఫొటో చూస్తే నాకే కడుపు తరుక్కుపోయింది.

అందుకే పైపు విషయంలో కక్కుర్తి వద్దు. ఆయిల్‌కి, పెట్రోల్‌కి తట్టుకునే నైట్రైల్ రబ్బర్ హోస్ అని అడగండి. రాణీగంజ్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో దొరుకుతుంది. రేడియేటర్ హోస్ ముక్క ఇస్తే తీసుకోకండి, ఆ రబ్బర్ ఆయిల్‌కి ఉబ్బుతుంది. లోపలి సైజు ఫ్యాక్టరీ పైపు కంటే తగ్గకూడదు. ఫ్యాక్టరీ పైపుని కొయ్యకుండా తీసి డబ్బాలో దాచుకోండి, రేపు అవసరమైతే మళ్ళీ పెట్టుకోవచ్చు.

క్యాన్‌ని టర్బోకి, ఎగ్జాస్ట్‌కి దూరంగా, చల్లగా ఉండే చోట బాడీకి బిగించాలి. ఆవిరి చల్లబడితేనే కదా చుక్క అయ్యేది. ఇంజిన్ తన మౌంట్ల మీద ఊగుతుంది, బాడీ ఊగదు. కాబట్టి పైపుకి కొంచెం వదులు ఇవ్వాలి. అలాగని మధ్యలో ఊయలలా వేలాడకూడదు, ఆ వంపులో నీళ్ళు, ఆయిల్ నిలబడి దారి మూస్తాయి. ఇంజిన్ నుంచి వచ్చే పైపు క్యాన్ మీద "ఇన్" అని ఉన్న వైపుకే వెళ్ళాలి. పీసీవీ వాల్వ్ దాని చోట అలాగే ఉండాలి, క్యాన్ దాని తర్వాత.

ఒకటే క్యాన్ అయితే సిటీలో తిరిగేవాళ్ళకి పీసీవీ పైపు మీద చాలు. ఎక్కువగా హైవే మీద బూస్ట్‌లో తోలేవాళ్ళకి రెండో దారికి ఇంకోటి కావాలి. టీఎస్‌ఐ ఓనర్లూ, మీకు ఆయిల్ సెపరేటర్ ఇంజిన్‌కే అతికి వస్తుంది, ఈ యూనివర్సల్ కిట్లు కుదరవు. ఆ ఇంజిన్‌కే చేసిన అడాప్టర్ ఉంటేనే ముట్టుకోండి.

బిగించాక ఒక చిన్న టెస్ట్. ఇంజిన్ ఐడిల్‌లో ఉంచి, ఆయిల్ పోసే మూత తీసి, కాస్త గట్టి కాగితం దాని మీద పెట్టండి. మెల్లగా అతుక్కుంటే ఓకే. ఎగిరిపోతుంటే లోపల ప్రెషర్ ఉంది, బండి ఆపేసి పైపులు చూడండి.

మొదట్లో 1,000 కిలోమీటర్లకే తెరిచి చూడండి. ఆ తర్వాత ఎన్నాళ్ళకి నిండుతోందో మీకే లెక్క తెలుస్తుంది. నా కారులో వానాకాలంలో ఫిల్టర్ కాఫీ రంగు ద్రవం వస్తుంది, ఎండాకాలంలో తక్కువ, నల్లగా. ఆ కాఫీ రంగు చూసి భయపడకండి, అది నీళ్ళు కలిసిన ఆయిల్. తిరిగి ఇంజిన్‌లో మాత్రం పోయకండి, అందులో పెట్రోల్ కూడా ఉంటుంది. సిగరెట్ దూరంగా పెట్టి, సీసాలో పట్టి, మెకానిక్ దగ్గర పాత ఆయిల్ డ్రమ్‌లో పోసెయ్యండి. సర్వర్‌లో లాగ్స్ నిండితే ఏమవుతుందో మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి తెలుసు. ఇక్కడ క్యాన్ నిండితే ఆ ఆయిల్ అంతా ఒకేసారి మానిఫోల్డ్‌లోకి పోతుంది. అమెరికా, కెనడాలో చూస్తున్నవాళ్ళు చలికాలంలో ఇంకా తరచుగా ఖాళీ చెయ్యాలి. క్యాన్‌లో నీళ్ళు గడ్డకట్టి దారి మూసుకుంటే, గుంటూరు తమ్ముడికి అయిందే మీకూ అవుతుంది.

ఒకటి గుర్తుంచుకోండి, ఇది ఇప్పటికే కట్టిన కార్బన్‌ని తీయదు, కొత్తది కట్టడం నెమ్మదింపజేస్తుంది అంతే. 60,000 కిలోమీటర్లు తిరిగిన బండి అయితే ముందు వాల్వులు చూపించి, అవసరమైతే క్లీన్ చేయించి, అప్పుడు పెట్టండి. ఎప్పుడూ కొంచెమే వచ్చే ఆయిల్ ఉన్నట్టుండి రెండింతలు అయితే క్యాన్‌ని తిట్టకండి, కంప్రెషన్ టెస్ట్ చేయించండి, రింగులు అరిగాయేమో చూడాలి. ఆ టెస్ట్ ఎలా చేస్తారో వచ్చే వారం చూపిస్తాను.