కంటిపాపలో తెల్ల మెరుపు



ల్యాబ్‌లో ఉల్లిపొర చూశాం గదా. గోడకు ఇటుకలు పేర్చినట్టు కణాలు వరసగా ఉండాయి, ఒక్కోదాంట్లో చుక్క మాదిరి కేంద్రకం. నేను రాసేది ఆ వరస తప్పిన కణాల గురించి. జబ్బు పేరు రెటినోబ్లాస్టోమా. కంటి వెనక వెలుగును పట్టుకునే పొర రెటీనా. అందులో చంటిపిల్లలకు వచ్చే క్యాన్సర్ ఇది. ఎక్కువగా అయిదేళ్ళ లోపే వస్తుంది. సుమారు 15 వేల నుంచి 20 వేల మంది బిడ్డల్లో ఒకరికి వస్తుందని లెక్క.

మా జువ్వలదిన్నెలో బిడ్డ కన్ను పిల్లికన్ను మాదిరి తెల్లగా మెరిస్తే, తల్లి గ్రహణం చూసిందని మా జేజి అంటది. మేనరికం చేసుకున్నారు కాబట్టి అని ఇంకొకరు అంటారు. ఎవరేమన్నా తిట్లు మాత్రం తల్లికే. ఈ జబ్బుకు గ్రహణమూ కారణం కాదు, మేనరికమూ కాదు.

ఆ గడ్డ ముక్కకు రంగులు వేసి మైక్రోస్కోపులో చూస్తే చిన్న చిన్న గుండ్రటి కణాలు కిక్కిరిసి నీలంగా కనపడతాయి. కణం నిండా కేంద్రకమే, చుట్టూ జీవపదార్థం బహు కొంచెం. గుడ్డు పగలగొడితే అంతా పచ్చసొనే ఉన్నట్టు అనుకోండి. కొన్నిచోట్ల ఆ కణాలు నడుమ ఖాళీ వదిలి చుట్టూ పువ్వు మాదిరి నిలబడతాయి. పక్కన బొమ్మ వేశాను. వీటిని రోజెట్లు అంటారు. ఫ్లెక్సనర్ 1891లో, వింటర్‌స్టైనర్ 1897లో వీటి గురించి రాశారు.

కణాలు ఎందుకు ఆగకుండా పెరుగుతాయి? మన కణంలో 23 జతల క్రోమోజోములు ఉంటాయి. 13వ జతలో ఆర్‌బి1 అనే జన్యువు ఉంది. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తుంది. కణం అదుపు లేకుండా చీలకుండా ఆపేది ఇదే. పడవను రెండు మోకులతో కట్టినామనుకోండి. ఒకటి తెగినా పడవ నిలుస్తుంది, రెండూ తెగితే కొట్టుకుపోతుంది. అమెరికాలో ఆల్ఫ్రెడ్ నడ్సన్ అనే డాక్టరు 1971లో 48 మంది పిల్లల కేసులు చూసి, లెక్క కట్టి ఈ సంగతి చెప్పినాడు. అప్పటికి ఆ జన్యువు ఎవరికీ దొరకలేదు! దాన్ని 1986లో పట్టుకున్నారు.

నూటికి 40 మంది పిల్లలు ఒక మోకు తెగే పుడతారు. వాళ్ళకు తరచుగా రెండు కళ్ళకూ, చాలా చిన్నప్పుడే వస్తుంది. పెద్దయ్యాక ఎముక క్యాన్సర్ భయం కూడా ఉంటుంది. వాళ్ళ బిడ్డల్లో ఒక్కొక్కరికి ఆ మార్పు వచ్చే అవకాశం సగానికి సగం. అయితే ఈ 40 మందిలో కూడా ఎక్కువమందికి అమ్మానాన్నల దగ్గర ఆ మార్పు ఉండదు, కొత్తగా వచ్చిందే. మిగతావాళ్ళకు కంటిలోని ఒక్క కణంలోనే రెండు మోకులూ తెగుతాయి, జబ్బు ఒక కంటికే వస్తుంది. మరి తల్లిని తిట్టడం దేనికి?

సెలవులకు ఇంటికి పోయినప్పుడు చెల్లెళ్ళ, తమ్ముళ్ళ కళ్ళు చూడండి. ఫోనులో ఫ్లాష్ వేసి తీసిన ఫోటోలో ఒక కన్ను ఎర్రగా, ఇంకోటి తెల్లగా వచ్చినా, మెల్లకన్ను ఉన్నా ఆలస్యం చేయకూడదు. తెలుపు శుక్లం వల్ల కూడా రావచ్చు, డాక్టరు చూస్తేనే తెలుస్తుంది. ముందే పోతే మందులతో, లేజరుతో చాలాసార్లు కన్ను కూడా దక్కుతుంది. ముదిరితే కన్ను తీసి ప్రాణం కాపాడతారు. వదిలేస్తే కంటి నరం వెంబడి మెదడుకు పోతుంది. హైదరాబాదులో ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి, చెన్నపట్నంలో శంకర నేత్రాలయ ఈ జబ్బు చూస్తాయి. మనకు చెన్నపట్నమే దగ్గర. ఒక బిడ్డకు ఉందని తేలితే ఆ ఇంట్లో మిగతా పసిపిల్లల కళ్ళు కూడా చూపించాల.