తొడిమ తెగకుండా దించే భారం

రొమ్ములు శరీరానికి మించి పెరిగి, ఆ బరువుకు మెడ, భుజాలు, వెన్ను నిత్యం నొప్పి పెట్టే స్థితిని వైద్యులు మాక్రోమాస్టియా అంటారు. అదనంగా ఉన్న గ్రంథి కణజాలాన్నీ, కొవ్వునూ, చర్మాన్నీ తీసివేసి, మిగిలిన భాగానికి రూపమిచ్చేదే రొమ్ము తగ్గింపు శస్త్రచికిత్స. ఇది అందం కోసం చేయించుకునేదన్న అపోహ గట్టిగా నాటుకుపోయింది. అందువల్లనే లోదుస్తు పట్టీలు భుజాల మీద గాడులు పడేంతగా ఒత్తుకుంటున్నా, వేసవి చెమటకు రొమ్ము కింది మడతలో చర్మం ఒరుసుకొని పుండ్లు పడుతున్నా, అనకాపల్లి చుట్టుపక్కల చెరకు తోటల్లో వంగి పనిచేసే స్త్రీ ఆ బాధను పనివల్ల వచ్చిన నొప్పిగానే భావించుకొని, సిగ్గుతో ఇంట్లో సైతం చెప్పకుండా ఊరుకోవడం వింతేమీ కాదు.

పూర్తి మత్తు ఇచ్చి చేసే ఈ శస్త్రచికిత్సకు సాధారణంగా రెండు నుంచి నాలుగు గంటలు పడుతుంది. ఇందులో అసలు నేర్పంతా చనుమొనను బతికించుకోవడంలో ఉంది. చనుమొనను కోసి వేరుచేయకుండా, రక్తనాళాలున్న కొంత కణజాలానికి అంటిపెట్టి ఉంచి పైకి జరుపుతారు. ఆ కణజాలాన్ని పెడికిల్ అంటారు, అంటే తొడిమ. తొడిమలో రసం ఆడకపోతే కాయ వాడినట్టే, ఇక్కడ రక్తం అందకపోతే చనుమొన చచ్చుబడుతుంది. ఇది అరుదే అయినా, జరిగితే సరిదిద్దడం కష్టం. 1956లో రాబర్ట్ వైజ్ ప్రతిపాదించిన నమూనా ప్రకారం చేసే కోతలు చనుమొన చుట్టూ, అక్కడినుంచి నిలువుగా కిందికి, ఆపైన మడత వెంబడి సాగుతాయి. అవి కలిసే చోట గాయం ఆలస్యంగా మానడం తరచుగా కనిపించేదే. మచ్చలు పూర్తిగా పోవు, ఏడాది గడిచేసరికి పలచబడతాయి.

రక్తప్రసరణ మాట వచ్చినప్పుడు ఉత్తరాంధ్ర పల్లెలకు సంబంధించిన ఒక విషయం చెప్పక తప్పదు. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకొని చుట్ట కాల్చే అడ్డపొగ అలవాటు ఇక్కడి స్త్రీలలో చిరకాలంగా ఉంది. దానివల్ల అంగిలికి వచ్చే క్యాన్సర్ గురించి వైద్యులు దశాబ్దాలుగా హెచ్చరిస్తున్నారు గాని, నికోటిన్ రక్తనాళాలను ముడుచుకుపోయేలా చేసి శస్త్రచికిత్స గాయాన్నీ చెడగొడుతుందన్న సంగతి అంతగా ప్రచారంలోకి రాలేదు. శస్త్రచికిత్సకు కనీసం నాలుగు వారాల ముందూ, తరువాత మరో నాలుగు వారాలూ పొగాకు ముట్టకూడదు. ఖైనీకీ ఇదే నియమం.

ఇంకా పిల్లల్ని కనదలచిన స్త్రీ, ఈ శస్త్రచికిత్స తరువాత పాలు తగ్గవచ్చునని లేదా పడకపోవచ్చునని ముందే తెలుసుకోవాలి. కాన్పుతో రొమ్ముల పరిమాణం మళ్లీ మారుతుంది గనుక, వీలైతే పిల్లలు పుట్టి, పాలు మాన్పించిన కొన్ని నెలల తరువాత చేయించుకోవడం మేలు. చనుమొన స్పర్శ తగ్గడం, రెండు వైపులా కొంత తేడా మిగలడం కూడా సంభవమే. నలభై దాటినవారికి ముందుగా మామోగ్రామ్ తీయించడం, తీసిన కణజాలాన్ని ప్రయోగశాలకు పంపడం మంచి ఆసుపత్రుల్లో మామూలు పద్ధతి.

బీమా పాలసీలు అందం కోసం చేసే చికిత్సలను మినహాయిస్తాయి. ఆరోగ్యానికి అవసరమని వైద్యుడు ధ్రువీకరిస్తేనే మార్గం తెరుచుకుంటుంది, కాబట్టి నొప్పికీ పుండ్లకూ చేయించుకున్న వైద్యం చీటీలన్నీ దాచుకోవాలి. చుట్ట అలవాటును మాత్రం శస్త్రవైద్యుడి దగ్గర దాచకూడదు.