పీల్చే మందంటే గుబులెందుకు?

‘మావాడికి ఆస్తమా ఏం లేదండీ... చలికాలం వస్తే కాస్త పిల్లికూతలు, అంతే!’

పిల్లల డాక్టరు గది బయట కాసేపు కూర్చుంటే ఈ మాట వినపడుతుంది. ఉబ్బసం అన్న పేరంటేనే మనకు జంకు. ఆడపిల్లయితే మరీను... రేపు పెళ్లి సంబంధాలప్పుడు బయటికొస్తుందేమోనని బెంగ. అందుకే అది ‘పడిశం’ అవుతుంది, ‘ఎలర్జీ’ అవుతుంది, ‘నెమ్ము’ అవుతుంది. పేరేదైతేనేం, పిల్ల మాత్రం అర్ధరాత్రి లేచి కూర్చుని దగ్గుతూనే ఉంటుంది.

ఆస్తమా ఉన్నవారిలో, ఊపిరితిత్తుల్లోకి గాలిని మోసుకెళ్లే సన్నటి గొట్టాల లోపలి పొర వాచి ఉంటుంది. జలుబో, పొగో, దుమ్మో తగిలితే చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి. జిగట కళ్లె చేరి దారి ఇరుకవుతుంది. ఆ ఇరుకులోంచి గాలి బయటికొచ్చేటప్పుడు అయ్యే చప్పుడే పిల్లికూత. కొందరికి అదీ ఉండదు. రాత్రిపూటో, పరుగెత్తినప్పుడో, పగలబడి నవ్వినప్పుడో వచ్చే దగ్గే లక్షణం. అలాగని ఐదేళ్లలోపు పిల్లలకు జలుబుతో వచ్చే ప్రతి పిల్లికూతా ఆస్తమా కాదు. చాలామందికి వయసుతోపాటు తగ్గిపోతుంది. ఏది ఏదన్నది డాక్టరు తేల్చాలి.

రెండు మందులు... రెండు పనులు

ఇన్‌హేలర్లన్నీ ఒకటే అనుకోవడం దగ్గరే చిక్కంతా. శాల్బ్యుటమాల్ లాంటివి బిగుసుకున్న కండరాన్ని నిమిషాల్లో వదులు చేస్తాయి. అప్పటికి ప్రాణం కుదుటపడుతుంది, లోపలి వాపు మాత్రం అలాగే ఉంటుంది. ఆ వాపును తగ్గించేవి బ్యుడెసొనైడ్, ఫ్లుటికసోన్ లాంటి స్టెరాయిడ్ మందులు. ఇవి పీల్చగానే హాయిగా ఏమీ అనిపించదు. పనిచేయడానికి రోజులు, వారాలు పడుతుంది. అందుకే నెల తిరక్కుండానే ‘బాగానే ఉన్నాడుగా’ అని వీటిని అటకెక్కించేస్తాం. నిజానికి బాగున్నది ఆ మందు వల్లే! సుమారు మూడు నెలలు నిలకడగా ఉన్నాక డాక్టరే మోతాదు తగ్గించుకుంటూ వస్తారు. ఉపశమనం ఇచ్చే ఇన్‌హేలర్ వారంలో రెండుసార్లకు మించి అవసరమవుతోందంటే జబ్బు అదుపులో లేనట్టే.

‘ఒకసారి మొదలెడితే అలవాటైపోతుందట’ అన్నది మరో భయం. అలవాటు కాదు. ఈ లెక్క చూడండి. ఐదు మిల్లీలీటర్ల శాల్బ్యుటమాల్ సిరప్‌లో మందు 2 మిల్లీగ్రాములు. అది ఒళ్లంతా తిరిగి ఊపిరితిత్తులకు చేరాలి. అందుకే పిల్లలకు చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది. ఇన్‌హేలర్ ఒకసారి నొక్కితే వచ్చేది 100 మైక్రోగ్రాములు, అంటే అందులో ఇరవయ్యో వంతు!

స్టెరాయిడ్‌తో ఎదుగుదల ఆగిపోతుందేమోనన్న అనుమానంలో కాస్త నిజం ఉంది. బ్యుడెసొనైడ్‌ను ఏళ్ల తరబడి పీల్చిన పిల్లల్ని పెద్దయ్యాక కొలిస్తే, సగటున 1.2 సెంటీమీటర్లు తగ్గారని 2012లో అమెరికాలో వెలువడిన అధ్యయనం చెప్పింది. ఆ కాస్త ఎత్తుకు భయపడి మందు మానేస్తే, ఆయాసం ముదిరినప్పుడల్లా అంతకంటే ఎంతో పెద్ద మోతాదులో స్టెరాయిడ్ మాత్రలు మింగించాల్సి వస్తుంది. ఏది నయమో తల్లిదండ్రులే ఆలోచించుకోవాలి.

చిన్నపిల్లలకు ఇన్‌హేలర్‌ను నేరుగా నోట్లో పెట్టి నొక్కితే మందు చాలావరకు గొంతులోనే ఆగిపోతుంది. స్పేసర్ అనే ప్లాస్టిక్ గొట్టం తప్పనిసరి. మరీ పసివాళ్లకు దానికి మాస్కు తగిలించాలి. స్టెరాయిడ్ పీల్చాక నోరు పుక్కిలించాలి.

ఇక ఇల్లు. పసిబిడ్డకు నీళ్లుపోశాక సాంబ్రాణి పొగ పట్టడం మన ఆచారం. పిల్లికూతల బిడ్డకు ఆ పొగ శత్రువే. దోమల కాయిల్, అగరొత్తులు, నాన్నగారి సిగరెట్టు కూడా అంతే. కాయిల్ బదులు దోమతెర కట్టండి. పెరుగు, అరటిపండు మాత్రం ఊరికే మాన్పించకండి. తిన్నప్పుడల్లా ఇబ్బంది కనిపిస్తే తప్ప ఆ పథ్యం దండగ.

మృగశిర కార్తెకు హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో కొరమీను ప్రసాదం కోసం పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చే కుటుంబాలెన్నో. అది ఆస్తమాను నయం చేస్తుందనడానికి శాస్త్రీయ ఆధారం లేదు. నమ్మకం ఎవరిది వారిది. కానీ చేపమందు వేయించామని ఇన్‌హేలర్ ఆపేయడం మాత్రం ప్రమాదం.

డొక్కలు ఎగరేస్తుంటే...

ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతున్నా, ఒక్క వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోయినా, నీళ్లు తాగలేకపోయినా, పెదాలు నీలంగా మారినా తెల్లారేదాకా చూద్దామనుకోవద్దు. పిల్లాణ్ని నిటారుగా కూర్చోబెట్టి, డాక్టరు రాసిచ్చిన ప్రకారం ఉపశమన మందును స్పేసర్‌తో ఇస్తూ ఆసుపత్రికి బయల్దేరాలి. మందుకు తగ్గినట్టే తగ్గి నాలుగు గంటల్లోపే మళ్లీ వస్తున్నా వెళ్లాల్సిందే. ఆయాసపడుతూనే ఉండి, పిల్లికూత మాత్రం ఉన్నట్టుండి ఆగిపోతే నెమ్మదించిందని సంబరపడకండి. గాలి ఆడడమే తగ్గిపోయిందేమో!

ఆటలు మాన్పించక్కర్లేదు. ఉపశమన ఇన్‌హేలర్, స్పేసర్ బడి సంచిలో ఉండాలి, ఆ సంగతి టీచరుకు తెలిసి ఉండాలి.

ఇంకో చిన్న విషయం. రోజుకు నాలుగుసార్లు నొక్కితే 200 మోతాదుల డబ్బా 50 రోజుల్లో అయిపోతుంది. ఆ తర్వాత కూడా నొక్కితే తుస్సుమంటుంది, లోపల మందుండదు. లెక్క చూపే అంకెలు లేని డబ్బా అయితే, మొదలుపెట్టిన తేదీని దానిమీద స్కెచ్‌పెన్నుతో రాసిపెట్టుకోండి.