కారవాన్ వెనుక కన్ను

1956లో జనరల్ మోటార్స్ సంస్థ తన మోటోరామా ప్రదర్శనలో బ్యూయిక్ సెంచూరియన్ అనే కారును జనం ముందుకు తెచ్చింది. ఎరుపు, తెలుపు రంగుల ఫైబర్‌గ్లాస్ బాడీ, ఆకాశం కనిపించే పారదర్శకపు పైకప్పు. వెనక్కి చూసుకునే అద్దం మాత్రం లేదు. దాని బదులు కారు తోకలో ఒక టీవీ కెమెరా, డాష్‌బోర్డులో ఒక చిన్న తెర పెట్టారు. అది అమ్మడానికి చేసిన కారు కాదు. రాబోయే కాలం ఇలా ఉంటుందని చూపించడానికి తయారుచేసిన నమూనా. ఆ కాలం రావడానికి ఇంకో ముప్పై అయిదేళ్లు పట్టింది.

ఆనాటి టీవీ కెమెరాకు గుండెకాయ విడికాన్ లాంటి గాజు శూన్యనాళిక. అది పనిచేయాలంటే లోపల ఫిలమెంటు వేడెక్కాలి, వందల వోల్టుల విద్యుత్తు అందాలి. గతుకుల రోడ్ల మీద, ఎండలో, వానలో, 12 వోల్టుల బ్యాటరీతో దాన్ని ఏళ్ల తరబడి నడపడం అయ్యే పని కాదు. 1972లో వోల్వో తన ప్రయోగాత్మక భద్రతా కారుకు వెనుక కెమెరా బిగించినా అదీ నమూనాగానే మిగిలిపోయింది. అసలు దారి తెరుచుకున్నది కార్ల కర్మాగారాల్లో కాదు, టెలిఫోన్ కంపెనీ పరిశోధనశాలలో. 1969లో బెల్ ల్యాబ్స్‌లో విల్లార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ సీసీడీ అనే సిలికాన్ పరికరాన్ని రూపొందించారు. వెలుతురు పడినచోట పుట్టిన విద్యుదావేశాన్ని ఒక గడి నుంచి పక్క గడికి జరుపుకుంటూ అంచుదాకా తెచ్చి కొలిచే ఏర్పాటు అది. దానితో గాజు గొట్టం అవసరం తీరిపోయింది. నలభై ఏళ్ల తరువాత, 2009లో, ఆ ఇద్దరికీ భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతిలో వాటా దక్కింది.

1991లో టయోటా జపాన్‌లో అమ్మిన సోరర్ కారులో వెనుక స్పాయిలర్‌లో కెమెరా, ముందు రంగుల తెర వచ్చాయి. కానీ ఈ కన్నును సామాన్యుడి బండిదాకా తెచ్చిన మలుపు మరొకటుంది. 1990ల మొదట్లో నాసాకు చెందిన జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీలో ఎరిక్ ఫోసమ్ అనే ఇంజినీరు అంతరిక్ష నౌకల కెమెరాలను చిన్నవి చేసే పనిలో ఉన్నాడు. ప్రతి గడికీ దాని సొంత యాంప్లిఫయర్ పెట్టి, కంప్యూటర్ చిప్పులు తయారయ్యే పద్ధతిలోనే కెమెరా చిప్పును కూడా చేయవచ్చని ఆయన బృందం చూపించింది. అదే సీమాస్ సెన్సర్. తక్కువ కరెంటు తాగుతుంది, చవకగా తయారవుతుంది. గ్రహాల ఫొటోలు తీయడానికి మొదలైన ఆ పని ముందు సెల్‌ఫోన్లలోకి, అక్కడినుంచి కారు నంబరు ప్లేటు పక్కకు చేరింది.

టెక్నాలజీ సిద్ధమైతే చాలదు, దాని అవసరాన్ని లోకం ఒప్పుకోవాలి. మన లారీలకు ఆ అవసరం తీర్చేవాడు క్లీనరు. వెనుక నిలబడి, చేత్తో బాడీ మీద కొడుతూ, 'రానీ, రానీ... ఆపు' అంటూ కేకవేసే ఆ కుర్రాడే డ్రైవరుకు వెనుక కన్ను. సొంత కారు నడుపుకునేవాడికి క్లీనరు ఉండడు. 2002లో న్యూయార్క్ లాంగ్ ఐలాండ్‌లో పిల్లల వైద్యుడైన ఒక తండ్రి తన ఇంటి ముందు ఎస్‌యూవీని వెనక్కి తీస్తుండగా, అద్దాల్లో ఎక్కడా కనిపించని అతని రెండేళ్ల కొడుకు కామెరన్ చక్రాల కింద పడి చనిపోయాడు. ఆ పసివాడి పేరుతో అమెరికాలో చట్టం వచ్చింది. 2008 ఫిబ్రవరిలో అధ్యక్షుడు జార్జ్ బుష్ సంతకం చేశాడు. నియమాలు 2011కల్లా రావాలి, కానీ వాయిదా మీద వాయిదా పడి 2014 మార్చి 31న వెలువడ్డాయి. 2018 మే 1 నుంచి అక్కడ అమ్మడానికి తయారయ్యే ప్రతి కొత్త కారుకూ వెనుక కెమెరా తప్పనిసరి అయింది. బండి వెనుక 10 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు మేర కనిపించాలి. రివర్స్ గేరు వేసిన రెండు సెకన్లలో బొమ్మ రావాలి. ఇలాంటి ప్రమాదాల్లో ఏటా సుమారు 210 మంది చనిపోతున్నారనీ, వారిలో దాదాపు మూడోవంతు అయిదేళ్లలోపు పిల్లలేననీ అక్కడి భద్రతా సంస్థ లెక్కకట్టింది. బిడ్డ పోయిన పన్నెండేళ్లకు గాని నియమం రాకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. మన దేశంలో 2019 జులై నుంచి కొత్త కార్లకు వెనుక అడ్డాలను పసిగట్టి మోగే సెన్సర్లు తప్పనిసరి చేశారు.

ఇన్ని కష్టాలు దాటి వచ్చిన కెమెరా, కారు వెనుక కారవాన్ తగిలించగానే గుడ్డిదైపోతుంది.

కారవాన్ అంటే మనకు సినిమా షూటింగుల దగ్గర ఆగి ఉండే తారల బండి గుర్తుకొస్తుంది. బ్రిటన్‌లో అది వేరు. కారు వెనుక 50 మిల్లీమీటర్ల ఇనుప గుండుకు తగిలించి లాక్కుపోయే చక్రాల ఇల్లు. మంచాలు, పొయ్యి, ఫ్రిజ్ అన్నీ అందులోనే. దాని బాడీ 7 మీటర్ల పొడవు, రెండున్నర మీటర్ల వెడల్పు వరకు ఉండవచ్చు. తగిలించాక కారు కెమెరాకు కనిపించేది కారవాన్ ముందు గోడ మాత్రమే. గుండు మీదికి కొక్కెం సరిగ్గా దించడానికి ఆ బొమ్మ బ్రహ్మాండంగా పనికొస్తుంది, అంతకుమించి కాదు. పక్కలకు పొడిగింపు అద్దాలు ఉండాలని చట్టమే చెబుతోంది. సరైన చూపు లేకుండా లాగితే 1,000 పౌండ్ల దాకా జరిమానా పడవచ్చు. అయితే ఆ అద్దాలు చూపేది పక్కలను. వెనక్కి తిప్పేటప్పుడు కారవాన్ వంకర తిరిగిన మరుక్షణం ఒక అద్దం నిండా దాని గోడే కనిపిస్తుంది, రెండో అద్దంలో కారవాన్ కనుమరుగవుతుంది. సరిగ్గా కారవాన్ వెనుక ఏముందో రెండూ చెప్పవు. అందుకే కారవాన్‌కు దాని సొంత కన్ను కావాలి.

కొనేటప్పుడు అందరూ మొదట అడిగేది లెన్స్ ఎంత వెడల్పు చూస్తుందని. 170 డిగ్రీలు అని పెట్టె మీద రాసి ఉంటే మురిసిపోతారు. ఒక చిన్న లెక్క చూద్దాం. 7 అంగుళాల తెర వెడల్పు సుమారు 15 సెంటీమీటర్లు. 120 డిగ్రీల దృశ్యాన్ని దాని మీద పరిస్తే ఒక్కో డిగ్రీకి దాదాపు 1.3 మిల్లీమీటర్లు దక్కుతాయి. మూడు మీటర్ల దూరంలో నిలబడ్డ పసివాడి భుజాల వెడల్పు 30 సెంటీమీటర్లనుకుంటే, తెర మీద ఆ బొమ్మ వెడల్పు 7 మిల్లీమీటర్లు. అదే 170 డిగ్రీల లెన్స్ అయితే 5 మిల్లీమీటర్లకు కుంచించుకుపోతుంది. ఆరు మీటర్ల దూరంలో ఇంకా సగం. అంటే చూపు వెడల్పయ్యేకొద్దీ మనిషి చిన్నవాడవుతాడు. కారవాన్‌కు 120, 130 డిగ్రీలు చాలని నేను గట్టిగా చెబుతాను. తెర 7 అంగుళాలకు తగ్గకూడదు.

ఇక తీగా, తీగ లేనిదా అన్న ప్రశ్న. తీగ లేని కెమెరాలు ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల మీద నడుస్తాయి. వైఫై, బ్లూటూత్ కూడా అక్కడే తిరుగుతాయి. పైగా సంకేతం అల్యూమినియం రేకు చుట్టిన పొడవాటి పెట్టెను దాటి కారులోకి రావాలి. పాత అనలాగ్ రకాల్లో పక్క బండి కెమెరా బొమ్మ మన తెర మీదికి వచ్చే వీలుంది. జత కలిపి అమ్మే డిజిటల్ రకాల్లో ఆ బాధ లేదు. వాటిలో వేరే చిక్కుంది: సంకేతం బలహీనపడితే బొమ్మ ఆలస్యమవుతుంది, ఒక్కోసారి కదలకుండా నిలిచిపోతుంది. గంటకు 5 కిలోమీటర్ల వేగంతో వెనక్కి వెళ్తున్న బండి సెకనులో అయిదోవంతు కాలంలోనే 28 సెంటీమీటర్లు జరుగుతుంది. తెర నల్లబడితే డ్రైవరు బ్రేకు వేస్తాడు. రెండు సెకన్ల కిందటి బొమ్మ నిలిచి ఉంటే, ఏమీ లేదనుకుని ఇంకా వెనక్కి పోతూనే ఉంటాడు. నా ఓటు తీగకే. కారవాన్ తోక నుంచి డ్రైవరు దాకా ఒక్కోసారి 15 మీటర్ల తీగ లాగాలి, కారుకూ కారవాన్‌కూ మధ్య ఊడదీసి పెట్టుకునే స్ప్రింగు తీగ కావాలి. బిగించడం ఒకరోజు చాకిరీ అనుకున్నా, ఆ తరువాత ఏళ్ల తరబడి నిశ్చింత. తీగ కెమెరా కొనేటప్పుడు అది పంపే సంకేతం పాల్ రకమా, ఎన్‌టీఎస్‌సీయా, ఏహెచ్‌డీనా అన్నది తెరతో సరిపోల్చుకోవాలి. రెండూ కలవకపోతే కెమెరా, తెర రెండూ మంచివైనా బొమ్మ రాదు.

కరెంటు ఎక్కడినుంచి ఇవ్వాలన్నది అందరూ తడబడేచోటు. కారవాన్ లోపల లైట్లకు వెళ్లే 12 వోల్టుల తీగ చేతికందేలా ఉంటుంది కదా, దానికి కలిపేద్దామనిపిస్తుంది. బ్రిటిష్ కారవాన్లలో ఒక రిలే ఉంటుంది. కారు ఇంజిను తిరుగుతూ బండి లాగుతున్నంతసేపూ అది లోపలి ఇంటి కరెంటును కత్తిరించేస్తుంది. ఇంటి ముందు పరీక్షిస్తే చక్కగా పనిచేసిన కెమెరా, రోడ్డెక్కగానే చచ్చిపోయేది అందుకే. కారుకూ కారవాన్‌కూ మధ్య ఉండే 13 పిన్నుల ప్లగ్గులో దారి వెతకాలి. 8వ పిన్ను రివర్స్ లైటుది, గేరు వేసినప్పుడు మాత్రమే ప్రాణం వస్తుంది. 9వది ఎప్పుడూ కరెంటు ఉండేది, దానికి కలిపి మరిచిపోతే కారు బ్యాటరీ తరిగిపోతుంది. 10వది కారు నడుస్తున్నప్పుడు ఫ్రిజ్‌కు కరెంటు ఇచ్చేది. వెనక్కి వెళ్లేటప్పుడు మాత్రమే చూడాలంటే 8, దారిపొడవునా వెనుక వచ్చే వాహనాలను కూడా గమనించాలంటే 10. దేనికి కలిపినా మొదట్లోనే ఒక చిన్న ఫ్యూజు పెట్టాలి. దారిపొడవునా తెర వెలిగి ఉండటం చట్టవిరుద్ధమేమోనన్న భయం అక్కర్లేదు. డ్రైవరుకు కనిపించే తెరల మీద బ్రిటన్‌లో 1986 నాటి నిబంధన ఆంక్షలు పెట్టినా, వాహనం చుట్టూ రోడ్డును చూపే తెరకు అందులో మినహాయింపు ఉంది.

కెమెరా చోటు కారవాన్ వెనుక గోడ పైభాగంలో, సరిగ్గా మధ్యన. ఎత్తునుంచి కిందికి చూస్తే నేల మీద దూరం తెలుస్తుంది, కిందుగా పెడితే దగ్గరున్నవీ దూరమున్నవీ ఒకే గీత మీదికి వచ్చేస్తాయి. తెర అడుగు అంచున కారవాన్ బంపరు కొద్దిగా కనిపించేలా వంచాలి. అది కనిపిస్తేనే, ఇంకెంత జాగా మిగిలిందో కంటికి అందుతుంది. ఎడమవైపు మనిషిని నిలబెట్టి చూస్తే తెరలోనూ ఎడమవైపే ఉండాలి. అద్దంలో బొమ్మ తిరిగినట్టు కెమెరా బొమ్మనూ తిప్పాలి, చాలా కెమెరాల్లో అందుకు ఒక సెట్టింగో, కత్తిరించాల్సిన చిన్న తీగ చుట్టో ఉంటుంది.

ఆపైన రంధ్రం. కారవాన్‌కు నీటి చెమ్మను మించిన శత్రువు లేదు. ఎన్నో పాత కారవాన్ల గోడల్లో చెక్క చట్రం ఉంటుంది, మేకు పట్టేంత చిన్న కన్నంలోంచి ఇంకిన వాన కొన్నేళ్లలో దాన్ని కుళ్లబెడుతుంది. అందుకే అనుభవమున్నవాళ్లు కొత్త కన్నం చేయరు. పైన ఉండే మార్కర్ లైటును ఊడదీసి, దాని తీగ వెళ్లే దారిలోనే కెమెరా తీగనూ పంపి, బ్యూటైల్ మాస్టిక్ పూసి మళ్లీ బిగిస్తారు. బయట ఉన్న తీగ కన్నం కంటే కిందికి జారి, మళ్లీ పైకెక్కి లోపలికి వెళ్లాలి. అలా చేస్తే వాన నీరు తీగ వెంట వచ్చి ఆ వంపు దగ్గరే కారిపోతుంది. కెమెరాకు ఐపీ 69కే ముద్ర ఉంటే, 80 డిగ్రీల వేడి నీటిని అధిక పీడనంతో కొట్టినా లోపలికి పోదని పరీక్షించారని అర్థం. రోడ్డు బురదకు ఆ గట్టితనం కావాలి. లెన్స్ మీద పేరుకున్న మట్టిని మాత్రం మన చేత్తోనే తుడవాలి.

కొన్ని తెరల మీద ఆకుపచ్చ, పసుపు, ఎరుపు గీతలు వస్తాయి. కారవాన్ లాగుతున్నప్పుడు వాటిని ఆపేయడం మేలు. ఆ గీతలకు కారవాన్ సంగతే తెలియదు. వెనక్కి వెళ్లేటప్పుడు స్టీరింగు ఎడమకు తిప్పితే కారవాన్ తోక కుడికి పోతుంది. ట్రాక్టరుకు ట్రక్కు తగిలించి వెనక్కి నడిపిన మన రైతుకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. వంపు మొదలయ్యాక సరిదిద్దకపోతే అది తనంతట తనే పెరుగుతూ, చివరికి కారవాన్ ముందు మూల కారుకు కొట్టుకునేదాకా పోతుంది. చేతిని స్టీరింగు అడుగున పెట్టుకుని, తోక ఏ వైపుకు వెళ్లాలో చేతిని ఆ వైపుకే జరపడం కొత్తవారికి తేలిక. 2015లో ఫోర్డ్ తన ఎఫ్-150 ట్రక్కుకు ఈ చిక్కును విప్పే ఏర్పాటు తెచ్చింది. ట్రెయిలర్ ముందు భాగాన గళ్ల స్టిక్కరు అంటిస్తే, ట్రక్కు వెనుక కెమెరా ఆ గళ్లను చూసి వంపు కోణాన్ని కొలుస్తుంది. డ్రైవరు ఒక నాబ్ తిప్పితే స్టీరింగు తనే తిరుగుతుంది. మనిషికి చూపించడానికి పుట్టిన కెమెరా, అక్కడ తనే చూసి లెక్కకట్టడం మొదలుపెట్టింది.

బిగింపు అయ్యాక మీటరు ఎత్తున్న ఒక బక్కెట్ల దొంతర కారవాన్ వెనుక పెట్టి, ఒకరు తెర చూస్తుండగా ఇంకొకరు దాన్ని అడుగడుగూ జరపాలి. ఎక్కడ మాయమైందో అక్కడ నేల మీద సుద్దతో గీయాలి. మూలల దగ్గర, బంపరుకు ఆనుకుని, ఇంకా కనిపించని జాగా కొంత తేలుతుంది. కెమెరాకు పైన ఏముందో అస్సలు కనిపించదు. చెట్టు కొమ్మ, షెడ్డు చూరు దాని చూపుకు అందవు. కాబట్టి సాయానికి ఒక మనిషి వెనుక నిలబడాలి. ఆ మనిషి తెరలోనో డ్రైవరు వైపు అద్దంలోనో ఎప్పుడూ కనిపిస్తూ ఉండాలి. కనిపించకుండా పోయిన క్షణాన బండి ఆపి, దిగి చూడాలి.