అద్దం మీద అద్దెలేని కాపురం

వాలిస్నేరియానో హైడ్రిల్లానో ఒక కట్ట కొని అక్వేరియంలో నాటుతాం. ఆ ఆకుల వెంటే నత్తలూ ఇంట్లోకి దిగుతాయి. నాటే ముందు ఒక ఆకు తిరగేసి వెలుతురుకు పట్టి చూడండి. చల్లారిన గంజి చుక్కలాంటి జిగురు, అందులో కంటికి ఆనీ ఆనని మచ్చలు. అవే గుడ్లు. మన వేసవి నీటివేడికి వారం పది రోజుల్లో పిల్లలవుతాయి. కొన్నాళ్లకు ముందు అద్దం మీద చేపలకన్నా అవే ఎక్కువ కనిపిస్తాయి.

చుట్ట చుట్టుకున్నట్టుండేది రామ్స్‌హార్న్. బుడగలా ఉబ్బి, గుల్ల నోరు ఎడమవైపుకు ఉండేది బ్లాడర్. ఈ రెండింటికీ జోడు దొరక్కపోయినా సంతానం ఆగదు. అసలు మొండిఘటం మూడోది, కోసుగా ఉండే మలేషియన్ ట్రంపెట్. పేరుకే మలేషియన్, మన చెరువుల్లోనూ ఉన్న జాతే. గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది, అదీ చాలావరకు మగతోడు లేకుండా. పగలంతా గులకరాళ్లలో దూరి ఉంటుంది. రాత్రి లైటు ఆర్పిన గంటకు టార్చి వేసి చూస్తే దాని బలగమెంతో తెలుస్తుంది.

మేపుతున్నది మనమే

పొద్దున్నే అమ్మమ్మ ఒక చిటికెడు, బడి నుంచి వచ్చి పిల్లలు ఒక చిటికెడు, పడుకోబోయే ముందు నాన్న ఇంకో చిటికెడు. చాలా ఇళ్లలో చేపల మేత ఇలాగే పడుతుంది. రెండు నిమిషాల్లో చేపలు తినగా మిగిలిందంతా రాళ్ల సందుల్లోకి జారి నత్తల పాలవుతుంది. కాబట్టి మేత వేసే పని ఒక్కరికే అప్పగించండి. రోజుకొక్కసారి చాలు. ఎదిగిన చేపలకు వారానికో పూట ఉపవాసం ఏమీ చేయదు. కుళ్లిన ఆకులు తీసేసి, వారం వారం సైఫన్ గొట్టాన్ని రాళ్లలోకి గుచ్చి పావు వంతు నీళ్లు మార్చండి. ఫలితానికి ఒకటి రెండు నెలలు పట్టొచ్చు.

ఈలోగా ఉన్నవాటిని పట్టాలంటే రాత్రి ఒక కీరదోస ముక్కకు స్టీలు ఫోర్కు గుచ్చి నీళ్లలో దించండి. తెల్లారేసరికి ముక్క నల్లగా నత్తలతో కప్పుకుని ఉంటుంది. ముక్కతో సహా ఎత్తేయడమే.

రాగి కలిసిన మందు మాత్రం వద్దంటాను. నత్తలు చస్తాయి నిజమే, ట్యాంకులో రొయ్యలుంటే అవీ చస్తాయి. పైగా వందల నత్తలు ఒక్కసారిగా రాళ్లలో కుళ్లితే అమోనియా పెరిగి చేపల ప్రాణం మీదికొస్తుంది. ట్రంపెట్లేమో గుల్లకున్న మూత బిగించుకుని మిగతావాటికన్నా ఎక్కువసేపు తట్టుకుంటాయి!

తినే చేపను తెస్తే?

షాపులో ముందు చూపించేది క్లౌన్ లోచ్. సుమత్రా, బోర్నియో నదుల చేప, నత్తల్ని బాగానే తింటుంది. కానీ అది అడుగు దాకా పెరుగుతుంది, గుంపుగా ఉంటేనే కుదురుగా ఉంటుంది. రెండడుగుల ట్యాంకులో పెడితే పాపమే. కేరళ నదుల్లోని మరుగుజ్జు పఫర్ మూడున్నర సెంటీమీటర్లు దాటదు, ముక్కులాంటి పళ్లతో చిన్న నత్తల్ని ఇట్టే తినేస్తుంది. ఆ తర్వాత గప్పీల తోకల మీద పడుతుంది. అన్నిటికీ మించి, ముప్పున్న జాతుల జాబితాలో ఉన్న చేప అది. మన మేత ఎక్కువై పుట్టిన నత్తల కోసం దాన్ని నదిలోంచి పట్టుకురావడం నాకు సబబనిపించదు. తప్పదనుకుంటే నత్తల్నే తినే అసాసిన్ నత్త కాస్త నయం. నెమ్మదిగా పెరుగుతుంది, చేపల జోలికి పోదు.

అసలు నాలుగు నత్తలు మిగిలితే నష్టమేమీ లేదు. అద్దం మీది పాకుడు తింటాయి, ఆరోగ్యంగా ఉన్న మొక్కల్ని సాధారణంగా ముట్టవు.

తీసిన నత్తల్ని కాలువలో, చెరువులో పారేయకండి. ఇళ్ల అక్వేరియాల కోసం తెచ్చిన సక్కర్ చేప నీళ్లలోకి చేరి, డెవిల్ ఫిష్ పేరుతో ఇప్పుడు జాలరుల వలలు చింపుతోంది. నత్తల్ని కవర్లో కట్టి ఒక రాత్రి ఫ్రీజర్లో ఉంచి, పొద్దున గులాబీ కుండీలో పూడ్చేస్తే సరి.