సైకిలు సంఘములును ప్రజాధనమును

ప్రతిదినము ఉదయమున మొదటి గంట కొట్టుటకు ముందు మన పాఠశాల ద్వారముచెంత నిలిచి చూచువారికి ఒక వేడుక కానవచ్చును. చుట్టుప్రక్కల గ్రామములనుండి బాలబాలికలు సైకిళ్ళపై వరుసగా వచ్చి, వానిని చెట్లనీడను నిలిపి, సంచులు భుజమున వేసికొని తరగతులకు పరుగిడుచుందురు. ఈ వేడుక వెనుక నొక భయముకూడ కలదు. క్రిందటి వర్షాకాలమున మా తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు వెనుకనుండి వచ్చు లారీకి త్రోవ యిచ్చుటకై రోడ్డు అంచునకు జరిగి, కాలువలో పడి, చేయి విరుగగొట్టుకొనెను. మరునాడు వాని తండ్రి మాయొద్దకు వచ్చి, "మేష్టరుగారూ, వీనిని సైకిలు మాన్పించెదను. బస్సునకు డబ్బులు లేనినాడు బడియే మాన్పించెదను. ప్రాణముకంటె చదువు ఎక్కువ కాదు గదా" అనెను. ఆ మాటకు మేమప్పుడు తగిన యుత్తరము చెప్పలేకపోతిమి.

ఇట్టి తండ్రులు ఇతర దేశములయందును కలరు. కొన్ని దేశములలో వారు సంఘములుగా కూడి, సైకిలు త్రొక్కువారికి క్షేమమైన బాటలు వేయుడని ప్రభుత్వములను అడిగిరి. కొన్నిచోట్ల ప్రభుత్వమే యట్టి సంఘములకు ప్రజాధనమునుండి గ్రాంటు లిచ్చెను. మరికొన్నిచోట్ల తానే యట్టి సంస్థను స్థాపించెను. ఆ ధనము సార్థకమైనదా, వ్యర్థమైనదా యను సంగతిని హాలండు, ఇంగ్లండు దేశముల చరిత్రనుబట్టి యీ వ్యాసమున విచారింప దలచితిమి.

ముందుగా ఇట్టి సంఘము లేమి చేయునో తెలిసికొందము. వాని పనులు మూడు విధములు. పిల్లలకును పెద్దలకును రోడ్డుమీద జాగ్రత్తగా సైకిలు నడుపుట నేర్పుట మొదటిది. సైకిలువలన ఆరోగ్యమును, ధనలాభమును కలుగునని జనులకు బోధించుట రెండవది. బాటలు ఎక్కడ వేయవలెనో, ఎంత వెడల్పున వేయవలెనో అధికారులకు చెప్పి, వేసినవానిని పరీక్షించుట మూడవది. వీనికి ప్రజాధన మేల యని కొందరు ప్రశ్నింతురు. "సొమ్మొకడిది, సోకొకడిది" యను సామెతను వారు చెప్పుదురు. ప్రభుత్వపు సొమ్ము తినువాడు ప్రభుత్వమును విమర్శింపగలడా యనియు అడుగుదురు. ఇవి త్రోసివేయదగిన ప్రశ్నలు కావు. గ్రాంటు అను మాట మన యెయిడెడు పాఠశాలలవారికి క్రొత్త గాదు. గ్రాంటు వెంబడి తనిఖీయు వచ్చునని మన మెరుగుదుము.

ఇక హాలండు సంగతి. ఆ దేశము పల్లపు నేల. అచ్చటివారు పూర్వమునుండియు సైకిలు నలవాటు చేసికొన్నవారు. కాని రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట మోటారుకారులు పెరిగెను, వీధులు వానికొరకు వెడల్పు చేయబడెను, సైకిళ్ళు తగ్గెను. 1971వ సంవత్సరమున ఆ చిన్న దేశములో రోడ్డు ప్రమాదములవలన 3,000 మందికి పైగా మరణించిరి. వారిలో 400 మందికి పైగా పిల్లలు. తన కుమార్తెను అట్లు పోగొట్టుకొన్న వీక్ లాంగెన్‌హోఫ్ అను పత్రికారచయిత 1972లో ఒక వ్యాసము వ్రాసెను. ఆ వ్యాసపు పేరే యొక యుద్యమమునకు పేరయ్యెను. "పిల్లల హత్యను ఆపుడు" అని దాని యర్థము. తల్లులును తండ్రులును వీధులలో చేరిరి; పిల్లలు ఆడుకొనుటకై కొన్ని వీధులకు మోటారులు రాకుండ అడ్డుకట్టిరి. కొంతకాలమునకు ప్రభుత్వమే యా యుద్యమమునకు ధనసహాయము చేసెను. ఆ ధనముతో వారు ఒక కార్యాలయము పెట్టుకొని, ఇండ్ల నడుమ వీధులలో మోటారుల వేగము తగ్గించు పద్ధతులను ఆలోచించి అధికారులకు చూపిరి. గ్రాంటు పుచ్చుకొనినను వారి నోరు మూతపడలేదు. ఏలయన, వారి బలము గ్రాంటు కాదు. వారి వెనుకనున్న తలిదండ్రులు.

అచ్చటనే 1975లో సైకిలువారి సంఘము మరియొకటి పుట్టెను. దాని పుట్టుక యందొక నీతి కలదు. 1883లో స్థాపింపబడిన పాత సైకిలు సంఘమొకటి హాలండులో నప్పటికే యుండెను. కాలక్రమమున దాని సభ్యులు కారులు కొనిరి. సంఘమును వారితోకూడ కారుల పక్షమునకు మరలెను. సంఘము ఎవరి చందాలమీద బ్రతుకునో వారి కన్నులతోనే లోకమును చూచునని దీనివలన తెలియుచున్నది. కావుననే సైకిలువారు తమకు వేరొక సంఘము కావలెనని క్రొత్తదానిని పెట్టుకొనిరి. దాని శాఖలు ఊరూర పుట్టి, పురపాలకులు వేయదలచిన రోడ్ల పటములను పరిశీలించి, తప్పులు చూపుచు వచ్చినవి.

ప్రభుత్వమును ఊరకుండలేదు. 1970 దశకము నడుమ హేగ్, టిల్‌బర్గ్ అను పట్టణములలో ప్రజాధనముతో మేలైన సైకిలుబాట యొక్కొక్కటి వేయించి పరీక్షించెను. ఆ బాటలమీద సైకిళ్ళు పెరిగెను గాని, వానిలో చాలభాగము ప్రక్కవీధులను విడిచి వచ్చినవే. ఒక్క మంచి బాట ఊరినంతటిని మార్చదని తేలెను. పిమ్మట 1982 మొదలు 1987 వరకు డెల్ఫ్ట్ పట్టణమున ఊరంతటిని కలుపు బాటలను, పేటలను కలుపు బాటలను, ఇండ్ల నడుమ చిన్నబాటలను, వంతెనలను ఒకదానితో నొకటి కూర్చి వలవలె అల్లిరి. అచ్చటి ప్రయాణములలో సైకిలు పాలు నూటికి 40నుండి 43కు పెరిగెను. అంతకుముందే యెక్కువగానున్న సంఖ్య యింకను పెరుగుట సామాన్యము గాదు.

ఇప్పుడు ఇంగ్లండునకు వత్తము. అచ్చటి ప్రభుత్వము 1996లో జాతీయ సైకిలు విధానమును ప్రకటించెను. సైకిలు ప్రయాణములు 2002 నాటికి రెండింతలును, 2012 నాటికి నాలుగింతలును కావలెనని అందు వ్రాసిరి. వ్రాత బాగుండెను, దానికి తగిన ధనము మాత్రము వెంటరాలేదు. మొదటి గడువు వచ్చిపోయెను. సైకిళ్ళు ఇంచుమించు ఉన్నచోటనే యుండెను. కోరిక వేరు, కార్యము వేరు.

2005లో రవాణాశాఖవారు "సైక్లింగ్ ఇంగ్లండు" అను సంస్థను ప్రజాధనముతో స్థాపించిరి. అది దేశమంతటను కొద్దికొద్దిగా ధనము చల్లక, డర్బీ, ఎక్సెటర్, డార్లింగ్‌టన్, బ్రైటన్, లాంకాస్టర్, ఎయిల్స్‌బరీ అను ఆరు పట్టణములను ఏరుకొనెను. పట్టణపు వాటాతో కలిపి మనిషి యొక్కింటికి ఏటికి ఇంచుమించు 10 పౌనుల చొప్పున అచ్చట ఖర్చుచేసిరి. బాటలు వేసిరి, బడులలో పిల్లలకు నేర్పిరి, రోడ్లమీద తమంతట లెక్కపెట్టు యంత్రముల నమర్చిరి. 2005నుండి 2009 వరకు ఆ యారు పట్టణములలో సైకిళ్ళ లెక్క సగటున నూటికి 27 పెరిగెను. 2008లో బ్రిస్టల్ నగరమును, మరి పదునొకండు పట్టణములును ఈ పనిలో చేర్చబడెను.

ఇచ్చట మన విద్యార్థులు నేర్వదగిన విషయ మొకటి కలదు. లెక్క పెరిగినంత మాత్రమున అది మన పనివలననే పెరిగినదని చెప్పరాదు. పెట్రోలు ధర హెచ్చుటవలన కావచ్చును. ఆ యేట వానలు తక్కువ యగుటవలన కావచ్చును. అందుచేత పరిశోధకులు జనాభా లెక్కలను తీసికొని, ఈ 18 పట్టణములను వానిని పోలిన ఇతర పట్టణములతో సరిచూచిరి. పనికి సైకిలుపై పోవువారు 2001లో నూటికి 5.8 కాగా, 2011లో నూటికి 6.8 అయిరి. పోలిక పట్టణములలో ఇంత పెరుగుదల లేదు. "నూటికి ఒక్కరేనా?" యని కొందరు నవ్వవచ్చును. కాని కొన్ని సంవత్సరములలోనే ఇంతటి జనుల నిత్యపు టలవాటు మారుట గొప్ప సంగతియే. అన్ని పట్టణములును సమానముగ పెరుగలేదనుటయు సత్యమే.

ఇట్లు ఫలము కానవచ్చుచుండగనే, 2010 అక్టోబరులో క్రొత్త ప్రభుత్వము ఖర్చు తగ్గింపదలచి, అనేక సంస్థలతోపాటు దీనినికూడ మూసివేయుదుమని ప్రకటించెను. 2011 మార్చి కడపట అది ముగిసెను. వేసిన బాటలు నిలిచెను. 2007లో మొదలైన "బైకబిలిటీ" యను శిక్షణయు నిలిచి, పిల్లలకు రోడ్డుమీద సైకిలు నడుపుట నేర్పుచు వచ్చెను. కాని పట్టణములకు ఆలోచన చెప్పుచు వచ్చిన యా కూటము చెదిరిపోయెను. ఒక్క సంచినుండి బ్రతుకు సంస్థ ఆ సంచి మూతి బిగింపబడిననాడు ఆగిపోవును.

ఇంగ్లండునందే మరియొక సంస్థ చరిత్రయు చెప్పవలసియున్నది. 1977లో బ్రిస్టల్ నగరవాసులు కొందరు ఒక సంఘముగా కూడి, విడిచిపెట్టిన రైలుదారిని బాత్ నగరము వరకు సైకిలుబాటగా మార్చిరి. తరువాత "సస్ట్రాన్స్" అను పేరు పొందిన ఆ సంస్థ, 1995లో జాతీయ లాటరీ ధనమునుండి వచ్చిన పెద్ద గ్రాంటుతో దేశమంతటను సైకిలు మార్గముల వలను పరచెను. వేలకొలది మైళ్ళు అయినవని పటములు చూపెను. కాని 2018లో ఆ సంస్థయే తన మార్గములను తానే పరీక్షించి, వానిలో ఇంచుమించు సగము బాగుగా లేవని బహిరంగముగ నొప్పుకొనెను. 2020లో నాలుగవ వంతు మార్గమును ఆ వలనుండి తొలగించుట కేర్పాటు చేసెను. ఏలయన, అచ్చట మోటారుల రద్దీవలన పిల్లవానిని నమ్మి పంపరాదు. మైళ్ళు లెక్కించుట సులభము. క్షేమము లెక్కించుట కష్టము. తన లెక్కను తానే దిద్దుకొనిన సంస్థను మేము మెచ్చుకొందుము. పరీక్షలో తప్పిన విద్యార్థి తన మార్కులను ఇంట దాచకుండ చూపుట వంటిదే యిది.

ఈ చరిత్రలనుబట్టి మాకు తోచిన నిర్ణయ మిది. ప్రజాధనము పుచ్చుకొను సైకిలు సంఘములు వ్యర్థములు గావు. అయినను అన్నియు సార్థకములును గావు. ధనము కరపత్రములలో కరగిపోక రోడ్డుమీదికి చేరినప్పుడు, ఆ రోడ్డు ఇంటినుండి బడివరకు తెగక సాగినప్పుడు, అది సార్థకమగును. పనికి ముందును పిమ్మటను లెక్క తీసి, ఆ లెక్క తమకు ప్రతికూలమైనను ప్రకటించు సంఘమునకు గ్రాంటు ఇయ్యవచ్చును. ప్రభుత్వపు ధనముతోపాటు సొంత సభ్యుల చందాలును, తలిదండ్రుల మద్దతును గల సంఘము నిజము చెప్పగలదు, ప్రభుత్వములు మారినను బ్రతుకగలదు. "అన్నము పెట్టినవానిని విమర్శింపరాదు" అందురేమో. ఆ యన్నము ప్రభుత్వముది గాదు, పన్ను చెల్లించు ప్రజలది. వారి పిల్లల క్షేమమును గూర్చి నిజము చెప్పుటయే ఆ యన్నమునకు కృతజ్ఞత.

ఇక ఆ తండ్రి మాటకు ఉత్తరము. మన యూర అట్టి సంఘమును లేదు, దానికి గ్రాంటును లేదు. ఐనను లెక్కతీయుటకు గ్రాంటు అక్కరలేదు. ఒక వారముపాటు ప్రతి ఉదయమును మన పై తరగతుల విద్యార్థులు ద్వారమువద్ద నిలిచి, ఎందరు సైకిలుపై వచ్చుచున్నారో, ఏ యూరినుండి వచ్చుచున్నారో వ్రాసికొందురు గాక. త్రోవలో ఎచ్చట అంచు తెగినదో, ఎచ్చట కాలువకు అడ్డుగోడ లేదో పటముమీద గుర్తింతురు గాక. తలిదండ్రులు ఆ పటముక్రింద తమ సంతకములు చేసి, మాతో కూడ అధికారులయొద్దకు వచ్చినయెడల, "మా పిల్లలు వచ్చు దారి యిది, ప్రమాదమున్న చోట్లు ఇవి" యని చూపగలము. హాలండు తల్లులు మొదట చేసినదియు ఇంతకంటె పెద్ద పని గాదు.

చేయి విరిగిన మా విద్యార్థి కట్టు విప్పిన తరువాత మరల బడికి వచ్చుచున్నాడు. ఇప్పటికి తండ్రియే వెంట నడచి దిగబెట్టుచున్నాడు. వాని సైకిలు ఇంట గోడకు చేరవేయబడి యున్నది. ఆ సైకిలు మరల రోడ్డెక్కు దినమున మన పని కొంత నెరవేరినదని తలంతుము.